మేక వెనకాల మనిషి

ఆ రోజుల్లో సినిమా మన ఇంటికి రావాలంటే ఊరేగింపుగానే వచ్చేది. ముందు రిక్షాలో టీవీ, దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్న మనిషి, వెనక రిక్షాలో దుప్పటి చుట్టిన వీసీఆర్, ఆ వెనక వాడకట్టు పిల్లలందరూ. ఇంటివాళ్ళు వాకిలి ఊడ్చి, చాపలు పరిచి, పెళ్ళివారి కోసం చూసినట్టు ఎదురుచూసేవాళ్ళు. ఇప్పుడు మా ఇంటావిడ కూరగాయలు తరుగుతూ, పప్పు డబ్బాకు ఫోను ఆనించి, కొరియావాళ్ళ సీరియల్ చూస్తుంది. వాళ్ళు వాళ్ళ భాషలో ఏడుస్తుంటే కింద అక్షరాలు పడతాయి, ఈవిడ అవి చదువుకుని మన భాషలో ఏడుస్తుంది. ఆ కింది అక్షరాలను చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అవేవో నా ఇరవై రెండో ఏట వచ్చి ఉంటే నేను భూపాలపల్లి అడవుల పాలయ్యేవాణ్ణి కాదు. (ఈ మాట ఆవిడతో అంటే, "నీకెప్పుడు జూడు భూపాలపల్లే" అని పప్పు డబ్బాను అటు తిప్పుకుంటుంది.)

అప్పటికి వరంగల్లో డిగ్రీ అయిందనిపించుకుని ఇంటికొచ్చాను. సినిమాలకు మాటలు రాయాలని నా కోరిక. మా జఫర్‌గఢ్‌లో ఆ కోరిక విన్నవాళ్ళు ముందు నా మొహం చూసి, తర్వాత మా బాపు మొహం చూసి జాలిపడేవాళ్ళు. "అరవై తొమ్మిదిల గొడవలకు బడి బందైంది. అందరి బడి మల్ల తెరిసిండ్రు, వీని బుర్ర తెరువలే" అనేవాడు బాపు. అప్పటి సినిమాల్లో మా మాట ఎక్కడైనా వినబడిందంటే అది రౌడీ నోటనో పనివాడి నోటనో వినబడేది. హాలంతా గొల్లుమని నవ్వేది, సిగ్గులేకుండా మేమూ నవ్వేవాళ్ళం. అందుకని నేను ఇంట్లో మాట్లాడే మాటను ఇంట్లోనే వదిలేసి, కోస్తా హీరో డాబా మీద నిలబడి చెయ్యి ఊపుతూ మాట్లాడినట్టు రాయడం సాధన చేశాను. రాసినవన్నీ మద్రాసుకు పంపాను. అక్కడ వాటితో ఏ పొయ్యి రాజేశారో తెలియదు కాని, ఉలుకూ పలుకూ లేదు. చివరికి మా అక్క జాలిపడి నన్ను మానుకోటకు పిలిపించుకుంది. (రైలు టికెట్ మీద మహబూబాబాద్ అని ఉంటుంది. టికెట్ మీద తప్ప ఆ పేరు ఎవరి నోటా వినేవాళ్ళం కాదు.)

మా బావకు స్టేషన్ రోడ్డులో వీడియో క్యాసెట్ల దుకాణం ఉండేది. టీవీ, వీసీఆర్, సినిమాలు అద్దెకిచ్చే ఆ వ్యాపారం అప్పుడప్పుడే ఊళ్ళోకి దిగుతోంది. సరుకు కోసం హైదరాబాదు పోయిన బావ ఒకసారి తెలుగు క్యాసెట్లతో పాటు ఒక గోనెసంచి భుజాన వేసుకుని దిగాడు. ఆ సంచి తీసుకుంటేనే కొత్త తెలుగు సినిమాలు ఇస్తానని అక్కడి హోల్‌సేల్ మనిషి మెలిక పెట్టాడట. సంచి నిండా ఫారిన్ సినిమాలు. ఏ దేశానివో ఆ అమ్మినవాడికీ తెలియదు. అట్టపెట్టెలు లేవు, బొమ్మల్లేవు, ఒట్టి నల్ల క్యాసెట్లు, వాటి మీద చీమలు సిరాలో పడి నడిచినట్టు ఏవో రాతలు. "ఫారిన్ మాల్ బామ్మర్దీ, జనం ఎగవడుతరు" అన్నాడు బావ. జనం ఎగబడలేదు. ఆ సంచి మీద పిల్లి పడుకోవడం మొదలుపెట్టింది. రోజూ పిల్లిని చూసి చూసి, ఒకనాడు బావ చూపు పిల్లి మీది నుంచి నా మీదికి మళ్ళింది.

"డిగ్రీ సదివినవ్. కతలు రాస్తనంటవ్. వీటికి పేర్లు పెట్టు, అట్టలు కట్టు, ఏం జేస్తవో జెయ్యి. ఎండకాలం దాక సూస్త. సంచి కదిలిందా సరే. కదలకపోతె నువ్వు కదులుతవ్, భూపాలపల్లికి" అన్నాడు.

భూపాలపల్లి అంటే ఇప్పటి పిల్లలకు బొగ్గుగనులు, క్వార్టర్లు, జిల్లా కేంద్రం. అప్పట్లో మాకు అది అండమాను. బావకు వేలువిడిచిన తమ్ముడొకడు అక్కడ తునికాకు కాంట్రాక్టు చేసేవాడు. బీడీల కోసం అడవిలో ఆకు కోసి, కట్టలు కట్టి, కల్లంలో ఆరబోస్తారు. ఆ కట్టలను కాపలా కాసే పని నాకోసం ఖాళీగా ఉందట. కరెంటు లేదు, రోడ్డు లేదు, ఎలుగుబంట్లు ఉన్నాయి, చలిజ్వరం ఉంది. ఇంతకుముందు అక్కడ పనిచేసినవాడు ఎందుకు మానేశాడని అడిగితే బావ మాట మార్చేశాడు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

ఇక కూర్చున్నాను. చెప్పుల దుకాణం నుంచి ఖాళీ అట్టడబ్బాలు తెచ్చి కోసి, పాత కేలండర్లలోంచి బొమ్మలు కత్తిరించి, మైదాపిండి లై ఉడికించి అతికించాను. (మానుకోటలో ఫారిన్ హీరోయిన్లందరికీ ఒక ఎరువుల కంపెనీ కేలండర్ అమ్మాయి ముఖమే ఉండేది.) బావ చెప్పిన ప్రకారం లోకంలో సినిమాలు మూడే రకాలు: కొట్టుకునేటియి, ఏడ్చేటియి, దేవునియి. ఏ క్యాసెట్టయినా ఈ మూడింట్లో ఒకదాంట్లో పడాలి. పడాలంటే చూడాలి కదా, చూడనిచ్చేవాడు కాదు. "ఊకె ఆడిస్తె వీసీఆర్ హెడ్డు అరుగుతది" అని మొదటి కాస్త చూడగానే ఆపేసేవాడు. ఆ కాస్తలో ఒకడు కత్తి నూరుతూ కనిపించాడు. నేను దానికి 'పగబట్టిన పర్వతం' అని పేరు పెట్టి, వెనకవైపు "రుధిరధారల నడుమ రగిలిన ప్రతీకారజ్వాల! సకుటుంబముగా వీక్షించి తరించండి!" అని రాశాను. రైల్వే గార్డు ఒకాయన సెలవు పెట్టి మరీ తీసుకుపోయాడు. సినిమాలో ఆ మనిషి నూరిన కత్తితో పుచ్చకాయ కోశాడట. మిగిలిన సినిమా అంతా అందరూ కూర్చుని ఆ పుచ్చకాయ తింటూ మాట్లాడుకున్నారట. ఇంకొకామె 'మంచులో మంగళసూత్రం' తీసుకుపోయి, మంచు ఉంది కాని మంగళసూత్రం ఏ మూలా కనిపించలేదని వాపసు తెచ్చింది. క్యాసెట్లు ఎంత వేగంగా వెళ్ళాయో అంత వేగంగా తిరిగొచ్చేవి. పిల్లి మళ్ళీ దాని చోటికి అది వచ్చింది. నేను నిరాశతో ఎండిపోతున్నాను, ఎండాకాలం దగ్గర పడుతోంది.

మా దుకాణం ఎదురుగా మిర్చీల పెద్దమ్మ అని ఒకామె బజ్జీల బండి నడిపేది. దుకాణంలోకి వచ్చినవాళ్ళందరికీ ఏ సినిమా తీసుకోవాలో ఆమే చెప్పేది, మేం నోరెత్తకూడదు. ఒక మధ్యాహ్నం చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, నేను రాసిన అట్ట ఒకటి చదివించుకుని, మొహం చిట్లించింది. "గీ రుధిరాలు గిధిరాలు ఎవలకు గావాలె పిలగా? ఒక్కటే ముచ్చట జెప్పు. ఆఖరుకు హీరో బతుకుతడా, సస్తడా? సచ్చేదైతె మాకొద్దు. సచ్చుడు మా ఇండ్లల్ల మస్తుగ జూస్తున్నం" అంది.

ఆ ఒక్క ప్రశ్నతో నా కళ్ళు తెరుచుకున్నాయి. సినిమాను మొదటి నుంచి కాదు, ఆఖరు నుంచి చూడాలి. బావను బతిమాలి ప్రతి క్యాసెట్‌నూ చివరికంటా తిప్పి, కాస్త వెనక్కి జరిపి ఆడించాను. ఆఖర్లో ఎవడైనా నడుస్తూనో, నవ్వుతూనో, కనీసం దగ్గుతూనో కనిపించాడా, అట్ట మీద పచ్చ సిరాతో 'హీరో బతుకుతాడు' అని రాసేవాణ్ణి. లేకపోతే ఎర్ర సిరాతో 'చనిపోతాడు'. నమ్మండి, నమ్మకపోండి, వారం తిరగకుండా పిల్లికి పడుకునే చోటు లేకుండా పోయింది. డోర్నకల్ నుంచి, మరిపెడ నుంచి వచ్చి మరీ "పచ్చది ఉన్నదా అన్నా" అని అడిగేవాళ్ళు. ఎర్రవి మాత్రం ఎవరూ ముట్టలేదు. (పెళ్ళాంతో పడని టైలరొకడు తీసుకుపోయేవాడు. చూసి వచ్చి చాలా హుషారుగా ఉండేవాడు.)

గొడవ రాకపోలేదు. ఇద్దరన్నదమ్ములు వచ్చి, పచ్చ సిరా సినిమాలో హీరో సగంలోనే చచ్చాడని బల్ల మీద క్యాసెట్ విసిరికొట్టారు. వాళ్ళ తప్పూ లేదు, నా తప్పూ లేదు. మన సినిమాలో అయితే హీరో తలుపు తన్నుకుంటూ వస్తాడు, పాట పాడతాడు, చూడగానే తెలుస్తుంది. ఆ దేశాలవాళ్ళు తలుపు మెల్లగా తీసుకుని వస్తారు, పాడరు, ఎవడు హీరోనో ఎట్లా చెప్పడం? నాకు ఆ క్షణాన ఏ దేవత పూనిందో కాని, "చచ్చినవాడు హీరో అని మీకెవరు చెప్పారు? ఆఖరుకు ఎవడు బతికితే వాడే హీరో" అన్నాను. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బజ్జీల బండి దగ్గర నుంచి పెద్దమ్మ "నిజమే కద" అంది. అంతే, తీర్పు అయిపోయింది. బావ ఆ మాటను గోడ మీద రాయించాడు: బతికినవాడే హీరో. నాకు భూపాలపల్లి తప్పినట్టేనని అక్క ఆ పూట పాయసం వండింది.

ఆ పాయసం అరగకముందే కురవి పటేల్ వచ్చాడు. కురవి దగ్గర పల్లెలో పెద్ద భూస్వామి, మా దుకాణానికి వెన్నెముకలాంటి మనిషి. వాళ్ళ నాయనమ్మ జారిపడి నడుము విరిగి మంచాన పడింది. కూతుర్ని, కొడుకుల్ని, కోడళ్ళని అందరినీ తనకన్న ముందే సాగనంపిన మనిషి, మిగిలింది ఈ మనవడొక్కడే. ఆమెకు పొద్దుపోవడానికని పటేల్ మా టీవీ, వీసీఆర్ పొలం పనులు అయ్యేదాకా ఇంట్లోనే ఉంచుకుంటానన్నాడు. తెలుగువన్నీ చూసేసింది, ఇంకేమైనా ఇవ్వమన్నాడు. నేను పచ్చ సిరా సినిమాలు ఏరి ఇచ్చాను. అందులో ఒకదానికి నేను పెట్టిన పేరు 'కన్నకొడుకుల కురుక్షేత్రం'. దాని ఆఖరు నాకు బాగా గుర్తుంది: మంచు కప్పిన బాట, ఆ బాట మీద మెడలో గంట కట్టిన మేక ఒకటి నడిచి వస్తూ ఉంటుంది, సినిమా అయిపోతుంది. మనిషి కనబడడు. అయినా నేను పచ్చ సిరాతోనే రాశాను. మేక నడుస్తోందంటే వెనకాల దాన్ని తోలే మనిషి ఉండాలి కదా? మా జఫర్‌గఢ్‌లో మనిషి లేకుండా మేక ఒక్కటే బాట మీద నడవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. గంట కూడా కట్టి ఉంది మరి.

మనిషి లేడు. ముసలితాత, ఇద్దరు కొడుకులు, చిన్నకోడలు, అందరూ ఏవో కొట్లాటల్లో ఒకరి తర్వాత ఒకరు పోయారట. ఆ మేక ఒక్కటే మిగిలిందట. ఈ సంగతి నాకు పటేల్ పంపిన పాలేరు చెప్పాడు. అవ్వ ఆ సినిమా చూసినప్పటి నుంచి సరిగ్గా తినడం లేదట, ఆ అట్ట రాసినవాణ్ణి పిలిపించమని ఒకటే పోరట. బావ మొహం నల్లబడింది. వెంటనే నన్ను స్కూటర్ మీద కురవికి తీసుకుపోయాడు. పటేల్ వాకిట్లో దిగాక, ఆమెను ఎట్లాగైనా సముదాయించు, ఈ ఇల్లు మన చెయ్యి జారితే రేపే నీకు భూపాలపల్లి బస్సు అని చెవిలో చెప్పాడు.

నన్ను మంచం పక్కన పీట మీద కూర్చోబెట్టారు. అవ్వ పిడికెడంత మనిషి, కళ్ళు మాత్రం సూదుల్లా ఉన్నాయి. సినిమాకు చీకటి కావాలని కిటికీలకు వేసిన గొంగళ్ళు ఇంకా తీయలేదు.

"హీరో బతుకుతడని రాస్తివట కొడుకా. ముసలోడు పాయె. కొడుకులు పాయిరి. గా పిల్ల గూడ పాయె. ఎవలు బతికిండ్రు?"

నా దగ్గర గోడ మీద రాయించిన జవాబు ఉండనే ఉంది. మేక బతికింది కదా అవ్వా, బతికినవాడే హీరో అన్నాను. వెనక బావ దగ్గాడు.

"అందరు పోయినంక మిగిలినోళ్ళు హీరోలా బిడ్డా? మిగిలినోళ్ళ సంగతి నీకేం ఎరుక" అంది. నాకు పీట మీద నుంచి లేచి పారిపోవాలనిపించింది. ఆమె కోపంగా అనలేదు, అందుకే ఇంకా కష్టంగా ఉంది. తనే మళ్ళీ అంది. "అది ఇడిసిపెట్టు. గా మేకను ఇప్పుడు ఎవలు సాదుతరు? గది జెప్పు."

ఆమెకు కావలసింది అదొక్కటే. అన్నం ముందు కూర్చుంటే ఆ మేక గుర్తొస్తోందట. నేను గొంతు సవరించుకుని, నేను సాధన చేసిన డాబా హీరో భాషలో, "ఆ మూగజీవి కన్నీటి కడలిని ఈదుతూ" అని మొదలుపెట్టాను. అవ్వ చెయ్యెత్తి ఆపింది. నేను ఎవరింట్లో పుట్టానని, మా అమ్మతో కూడా ఇట్లాగే మాట్లాడతానా అని అడిగింది. లేదన్నాను. "మరి నాతోని గట్లెందుకు?" అంది.

అప్పుడు చెప్పాను. మా అమ్మతో మాట్లాడినట్టే చెప్పాను. మేక పోయింది పోయింది, మంచు తరుగుతున్నకొద్దీ కిందికి దిగింది, ఎండిన గడ్డి నమిలింది, వాగు నీళ్ళు తాగింది. అవ్వ ఊరికే వినలేదు, అడ్డం పడి అడిగింది. చూడి మేకనా, ఒట్టిదా? చూడిదే అన్నాను. కుక్కలు పడలేదా? పడ్డాయి, రాతిగుండు ఎక్కి తప్పించుకుంది అన్నాను. వాగు కింద పల్లె ఉంది, పల్లె చివర ఇంట్లో ఒకామె ఉంది, ఆమెవాళ్ళు కూడా ఆ కొట్లాటల్లోనే పోయారు. గంట చప్పుడు విని, మేకను తోలుకుని ఎవరో మనిషి వస్తున్నాడనుకుని ఆమె తలుపు తీసింది. ఎవరూ లేరు. మేక ఒక్కటే ఉంది.

"అగో, మరి మనిషున్నడని రాస్తివి" అంది అవ్వ.

"మనిషి ఎనుక లేదవ్వా. ముందట ఉన్నది. తలుపు తీసి నిలవడ్డది" అన్నాను.

నేను అనుకుని అన్న మాట కాదు, నోట్లోంచి వచ్చేసింది. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, మనవణ్ణి పిలిచి, జావ తెమ్మంది. గిన్నె ఖాళీ చేసి, నా వైపు తిరిగి, "అబద్ధం జెప్పినవ్. గని మంచిగ జెప్పినవ్" అంది. నా జీవితంలో నా రాతకో, మాటకో వచ్చిన మొదటి మెప్పు అది. ఆ తర్వాత అంతటిది రాలేదనుకోండి.

గెలిచాననుకున్నాను. మర్నాడు పటేల్ ఇంటి నుంచి రెండు రిక్షాలు వచ్చాయి. ముందు దాంట్లో టీవీ, వెనక దాంట్లో వీసీఆర్. అవ్వకు ఆ డబ్బా ఇంక వద్దట, ఆ పిలగాణ్ణి పంపితే చాలట. బావ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. అయినా పెద్దింటి మాట కాదనలేక కొన్నాళ్ళు పంపాడు. నేను పోయి మేకను పల్లెలో కట్టేయించాను, దానికి పందిరి వేయించాను, ఆ ఇంటామెకూ పక్కింటామెకూ మేక గురించి పోట్లాట పెట్టించాను. ఈ సంగతి మానుకోటలో పాకింది. దుకాణానికి వచ్చినవాళ్ళు క్యాసెట్ తీసుకోవడం మానేసి, "అన్నా, గా పుచ్చకాయ తిన్నోళ్ళు తర్వాత ఏమైండ్రు?" అని బల్లకు ఆనుకుని నిలబడేవాళ్ళు. పెద్దమ్మ బండిని మా గుమ్మం దగ్గరికే జరిపింది. బజ్జీలు అమ్ముడుపోయేవి, క్యాసెట్లు కదిలేవి కావు. పిల్లి తిరిగి వచ్చి సంచి మీద సుఖంగా ముడుచుకుంది. "నేను పెట్టింది వీడియో దుకాణం. కతలు జెప్పే కొట్టం గాదు" అన్నాడు బావ. నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు. సంచి కదలకపోతే పోతానని ఒప్పుకున్నాను, కదిలి కూడా పోవలసి వచ్చింది, ఇంకేం మిగిలిందని?

భూపాలపల్లి గురించి బావ చెప్పినవన్నీ నిజమే. ఎలుగుబంటి అడుగులు చూశాను, చలిజ్వరం పడ్డాను, తునికాకు వాసన నా ఒంటికి పట్టి ఎన్నాళ్ళకూ పోలేదు. కల్లంలో ఎండకు ఆరే ఆకుల మధ్య కూర్చుని, కనబడిన ప్రతి మేక వెనకాల మనిషి ఉన్నాడా అని చూసేవాణ్ణి. ఎప్పుడూ ఉండేవాడు. వానలు పడి కల్లం ఎత్తేశాక మానుకోట వచ్చాను. అవ్వ పోయిందని అక్క చెప్పింది. పోయే ముందు ఆ సినిమాల పిలగాడు వచ్చాడా అని అడిగిందట. రాలేదంటే, "చూడి మేకను ఇడిసిపెట్టి పాయె. ఈనిందో లేదో" అందట. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. భూపాలపల్లి బస్సెక్కినప్పుడు కూడా అట్లా ఏడవలేదు.

తర్వాత నాకు సర్కారు ఆఫీసులో గుమాస్తా పని దొరికింది, మద్రాసు దొరకలేదు. క్యాసెట్లు పోయాయి, దుకాణం పోయింది, గోడ మీది 'బతికినవాడే హీరో' మీద ఎవరో సున్నం వేశారు. నిన్న మా ఇంటావిడ సీరియల్ ఆఖరి భాగం చూస్తూ, కళ్ళు ఒత్తుకుంటూ, ఆఖరుకు వాడు బతుకుతాడా అని నన్నే అడిగింది. కింది అక్షరాలను అడగమన్నాను. వాళ్ళేమన్నారో చెబుతాయి కాని, అయిపోయాక ఏమవుతుందో అవెందుకు చెబుతాయి అంది. ఆ మాటకు నాకు మైదాపిండి లై చేతులతో, నోటి నిండా రుధిరధారలతో, ఎండాకాలానికి భయపడుతూ కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ళవాడు కళ్ళ ముందు మెదిలాడు. వెర్రివాడు. నవ్వొచ్చింది. పాపం అనిపించింది. ఈనింది అవ్వా, రెండు పిల్లలు, తల్లీ పిల్లలూ క్షేమం. కావాలంటే పచ్చ సిరాతో రాసిస్తాను.